కంచెకు లోపలి వైపు

వారం రోజుల్లో ఎవరింటి గొడవలు వారికుంటాయి కాబట్టి, మన కథ ఎక్కడ ఆగిందో ఒక్కసారి చెప్పుకుని ముందుకు పోదాం. ముప్పై రెండేళ్ళు ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన వసంతకుమారి, వైశాలిలో మూడో అంతస్తు ఫ్లాట్లో కూర్చుని కాలం గడపలేక, హిండన్ నది అవతల రసూల్‌గఢీ అనే ఊళ్ళో మూతపడిన గేదెల డైరీ ఒకటి అద్దెకు తీసుకుంది. పద్నాలుగు మేకల్ని, మూడు మేకపిల్లల్ని తెచ్చుకుంది. చుట్టూ ఉన్నది గేదెల కోసం వేసిన కంచె, ఇనప స్తంభాలకు నాలుగు వరసల ముళ్ళ తీగ. గేదె దాన్ని చూసి ఆగుతుంది. మేక దాన్ని చూసి ఎటు నుంచి దూరాలా అని ఆలోచిస్తుంది. మొదటి వారమే మేకలన్నీ పక్క పొలంలో సత్పాల్ వేసుకున్న బఠాణీ తోటలో తేలాయి.

అప్పుడు రంగంలోకి దిగినవారు చెన్నకేశవులు గారు. సరోజినీ నగర్ క్వార్టర్లలో వసంతకుమారి వాళ్ళకు ఇరవై ఏళ్ళు పక్కవాటా. ఆమె భర్త బాబురావుకు ప్రాణస్నేహితుడు. ప్రభుత్వంలో కట్టడాలు చూసే శాఖలో జూనియర్ ఇంజనీరుగా ముప్పై నాలుగేళ్ళు ప్రహరీలూ కంచెలూ కట్టించి రిటైరయ్యారు. బాబురావు పోయాక ఆమెకు ఏ పని పడినా ముందు నిలబడేది ఆయనే. ఆయన పాత కంచెకు ఇనప జాలీ అతికించి, మూలల్లో ఊతలు నిలబెట్టి, వాటికి వెండి రంగు పెయింటు కూడా వేయించారు. ఆ పెయింటు వేసిన రోజే, అంటే పోయిన మంగళవారమే, మేకలు మళ్ళీ బఠాణీ తోటలో కనిపించాయి. వెళ్ళి చూస్తే సత్పాల్ వైపు జాలీ, దాని వెనకున్న పాత ముళ్ళ తీగ రెండు వరసలు కటింగ్ ప్లేయరుతో తెంపి ఉన్నాయి. చెన్నకేశవులు గారు ఊళ్ళో పదిమంది ముందు సత్పాల్ వైపు వేలు చూపించారు. పంట పోయిందని సత్పాల్ ఫిర్యాదు చేస్తే, స్థలం యజమాని రాజీవ్ చౌధరి అందరి మాటా విని, ఆదివారం నాలుగింటికి వచ్చి తేలుస్తాననీ, అప్పటిదాకా తెగిన చోట ముడేసి మేకల్ని షెడ్డులోనే ఉంచమనీ అన్నాడు. తీగ ఎవరో తెంపితే ఆమె తప్పు లేదన్నాడు. మేకలు తమంతట తామే బయటికి వచ్చి ఉంటే మాత్రం షెడ్డు ఖాళీ చేయాలి. ఖాళీ చేస్తే మేకల్ని ఫ్లాట్లో పెట్టుకోలేదు, సంతకు తోలాల్సిందే. సంతలో మేకను కొనేవాడు పాల కోసం కొనడు.

ఇప్పుడు ఆదివారం. ఉదయం తొమ్మిదిన్నర.

చర్చిలో మొదటి ఆరాధన కాగానే వసంతకుమారి షేరింగ్ ఆటో పట్టుకుని షెడ్డుకు వచ్చేసింది. ఫిబ్రవరి ఎండ వెచ్చగా ఉంది. ఆదివారాలు మేకల డెక్కలు చెక్కడం ఆమెకు అలవాటు. చీర కొంగు బొడ్లో దోపి, చిన్న స్టూలు వేసుకుని, కత్తి అందుకుని, మొదట మేట్రన్‌ని బయటికి పిలిచింది. మేకలన్నిటికీ ఆమె తనను ఉద్యోగంలో సతాయించిన పెద్దల హోదాలు పెట్టుకుంది. అన్నిటికంటే పెద్దది, గడ్డమున్నది, ఎవరినీ లెక్కచేయనిది మేట్రన్.

ముందు కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని చూస్తే, డెక్క చీలికలో ఏదో మెరిసింది. గోరుతో గీకింది. వెండి రంగు.

ఇంకో కాలు చూసింది. అందులోనూ ఉంది. మేట్రన్‌ని వదిలి నైట్ సూపర్‌వైజర్‌ని పట్టుకుంది. దాని మోకాళ్ళ మీద కూడా వెండి మరకలే. ఇలా తొమ్మిది మేకలకు కనిపించాయి. ఆసుపత్రిలో పేషెంటు ఏం చెప్పినా, చెప్పకపోయినా, దుప్పటి తీసి చూసిన తర్వాతే నమ్మడం ఆమెకు అలవాటు. ఈ మేకల ఒంటి మీద ఉన్నది ఒకటే పెయింటు, అది కంచె మూలల్లో ఊతలకు తప్ప ఈ ఆవరణలో ఇంకెక్కడా లేదు.

ఆమె లేచి సత్పాల్ వైపు మూలకు నడిచింది. మూల స్తంభం లోపలికి ఒరిగిపోకుండా చెన్నకేశవులు గారు లోపలి వైపు నుంచి ఒక ఇనప కమ్మీని ఏటవాలుగా నిలబెట్టించారు. ఒక కొస నేలలో, ఇంకో కొస స్తంభం తలకు దగ్గరగా. కమ్మీ అంటే సన్నది కాదు, జానెడు వెడల్పున్న దూలం లాంటిది. కింద నుంచి పై దాకా పెయింటు మీద డెక్కల గుర్తులు వరసగా పడి ఉన్నాయి. పైన పెయింటులో నాలుగు తెల్ల వెంట్రుకలు అతుక్కుని ఎండిపోయాయి.

చూసినంత మాత్రాన సరిపోదని ఆమెకు అనిపించింది. పచ్చి బర్సీం గడ్డి గుప్పెడు తీసుకుని, చుట్టూ తిరిగి కంచె అవతలికి వెళ్ళి, ఆ మూల దగ్గర చెయ్యెత్తి పట్టుకుంది. మేట్రన్ రెండు క్షణాలు ఆలోచించింది. తర్వాత ఆ కమ్మీ మీద ఒక కాలు వేసింది, రెండో కాలు వేసింది, మెట్లెక్కి టెర్రస్ మీదికి బట్టలారేయడానికి పోతున్న మనిషిలా నింపాదిగా పైకి వచ్చి, కంచె తల మీద నుంచి వసంతకుమారి ముఖంలోకి చూసింది. ఆమె దాని నుదుటి మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టాల్సి వచ్చింది.

నవ్వొచ్చింది. అంతలోనే సాయంత్రం నాలుగు గంటలు గుర్తొచ్చాయి. మేకలు తమంతట తామే బయటికి వచ్చాయి. చౌధరి పెట్టిన షరతు ప్రకారం చూస్తే, ఇప్పుడు తాను కనిపెట్టింది తన షెడ్డు పోవడానికి కారణం.

పదకొండింటికి చెన్నకేశవులు గారు వచ్చారు. నెత్తిన ఉన్ని టోపీ, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో పనిముట్ల సంచీ. సరోజినీ నగర్లో కూతురి క్వార్టరు నుంచి రెండు మెట్రోలు మారి, వైశాలిలో దిగి, ఆటో ఎక్కి రావాలి. డెబ్బై దగ్గరికొచ్చిన మనిషి, అయినా ఒక్క ఆదివారం మానలేదు. ఆ సంగతి గుర్తొచ్చి ఆమెకు చెప్పడం ఇంకా కష్టమైంది.

"అన్నయ్యగారూ, ఇటోసారి రండి" అని మూలకు తీసుకెళ్ళి, డెక్కల గుర్తులు చూపించింది. వెంట్రుకలు చూపించింది. తొమ్మిది మేకల కాళ్ళ సంగతీ చెప్పింది. "బర్సీం చూపిస్తే నా కళ్ళ ముందే ఎక్కేసిందండీ మేట్రన్. మళ్ళీ చూపించమంటారా?"

ఆయన కమ్మీని చూశారు గానీ దగ్గరికి రాలేదు.

"ఊత అనేది ఏటవాలుగానే ఉండాల సిస్టరమ్మా. నలభై అయిదు డిగ్రీలు. నేను ఇట్లాంటివి వందల మూలలు కట్టించినా. యాడా ఒక మాట రాలేదు."

"వాటి లోపల మేకలు లేవు కదండీ అప్పుడు."

"మేకలు ల్యాకపోతే మనుషులుండారు. ఒక్కడు దాటలేదు."

"వాళ్ళు బయటి నుంచి లోపలికొచ్చే వాళ్ళండీ. ఇవి లోపలి నుంచి బయటికి పోయేవి."

ఆమె ఇంకో నాలుగడుగులు వేసి, ఇంకో విషయం చూపించింది. జాలీ స్తంభాలకు బయటి వైపు కట్టి ఉంది. మేక ఒళ్ళు దురదపెట్టి లోపలి నుంచి ఆనుకుని రుద్దుకుంటే, ఆ బరువంతా సన్న కట్టుతీగల మీద పడుతోంది. నాలుగు చోట్ల అవి సాగి, జాలీ కడుపుబ్బినట్టు బయటికి వచ్చింది. అదే జాలీ లోపలి వైపు ఉంటే మేక ఎంత ఆనుకున్నా స్తంభమే మోస్తుంది.

"పిల్లల వార్డులో మంచానికి రెయిలింగు కట్టేటప్పుడు పిల్ల ఎటు దొర్లుతుందో చూసుకుని కట్టేవాళ్ళమండీ" అంది ఆమె. "ఇది ఎందుకు బయట కట్టించారు?"

చెన్నకేశవులు గారు టోపీ తీసి తల నిమురుకున్నారు. "మంచి ముఖం రోడ్డు వైపు ఉండాల. మా కాడ అదే పద్ధతి. ఇన్‌స్పెక్షన్ జీపు వచ్చేది రోడ్డు మీదనే కదా. లోపల నిలబడి చూసేటోడు ఎవడూ ఉండడు." టోపీ మళ్ళీ పెట్టుకుంటూ అన్నారు, "లోపల ఉండేదాని వైపు నుంచి కంచెను చూడమని నాకెవరూ చెప్పలా."

ఆ మాట ఆయన ఎంత నిజాయితీగా అన్నారంటే ఆమెకు కోపం రాలేదు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన ఎన్ని మైళ్ళ కంచె కట్టించి ఉంటారో. అంతా రోడ్డు మీద నిలబడి చూసిందే.

"సరేనండి. మార్చుకుందాం. కానీ ముందు సత్పాల్ దగ్గరికి పోయి తప్పయిందని చెప్పాలి."

"ఎందుకు?"

"ఎందుకేంటండీ. పదిమందిలో ఆయన తెంపాడన్నాం. మేకలు ఇలా ఎక్కి పోయాయి. ఆయనకేం సంబంధం?"

"తీగ తెగింది కదమ్మా. తెగిన తీగ అబద్ధమా?"

"అది నాకూ అర్థం కావట్లేదండి. మేకలు రుద్ది రుద్ది తెగిందేమో."

"ముళ్ళ తీగ రుద్దితే తెగుతాదా" అన్నారు ఆయన చప్పున. వెంటనే నోరు మూసుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "సిస్టరమ్మా, నాలుగింటికి చౌధరి వస్తాడు. ఎవరో తెంపినారంటే నీ మేకలు నీకుంటాయి. నువ్వు పోయి, మేకలే దాటినాయని నోటితో చెప్తే, ఇంక యాడ పెట్టుకుంటావు ఇన్నిటిని? కొంచెం ఊరకుండు. నాలుగ్గంటలు."

వసంతకుమారికి ఆశ పుట్టలేదంటే అబద్ధం. నాలుగు గంటలు నోరు మూసుకుంటే చాలు. సత్పాల్ ఊళ్ళో పాతుకుపోయిన మనిషి, నాలుగు రోజులు మాట పడతాడు, తర్వాత అందరూ మర్చిపోతారు. ఇలా కాసేపు లోపల లోపలే బేరమాడుకుంది. కానీ చెయ్యని పనికి ఒక మనిషి పేరు చెడితే, రోజూ అతని పొలం గట్టు మీద నుంచే షెడ్డుకు నడిచి రావాలి. ఆ నడక తన వల్ల కాదని తేలిపోయింది.

"లేదండి. వెళ్దాం" అంది.

ఇంకో కారణం కూడా పనిలోంచే పుట్టుకొచ్చింది. ఊతను లోపలి నుంచి తీసేస్తే మూల స్తంభం నిలబడదు. దాన్ని బయటి నుంచి బిగువు తీగతో వెనక్కి లాగి, నేలలో పాతిన రాయికి కట్టాలి. ఆ రాయి పాతాల్సింది సత్పాల్ గట్టు మీద. లెక్క చెప్పింది చెన్నకేశవులు గారే. చెప్పాక ఆయన ముఖం ఇంకా చిన్నబోయింది.

ఒంటిగంట దాకా ఇద్దరూ పని చేశారు. టిఫిన్ డబ్బాలో ఉన్న పులిహోర ఇద్దరికీ సరిపోయింది. ఊత తీసేసి, దాని బదులు తాత్కాలికంగా ఒక వెదురు బొంగును బయటి నుంచి అడ్డం కట్టారు. సత్పాల్ వైపు జాలీని ఒక్కొక్క కట్టూ విప్పి, లోపలి వైపుకు తెచ్చి మళ్ళీ కట్టారు. అడుగున ఖాళీ ఉన్న చోట పాత ఇటుకలు పేర్చారు, మేక కొమ్ము దూరి ఇరుక్కునేంత పెద్ద కన్ను ఉన్న చోట తీగ అడ్డంగా అల్లారు. మిగతా మూడు వైపులూ వారంలో చేసుకోవాలి, షెడ్డు ఉంటే. చెన్నకేశవులు గారి వేళ్ళు ఇప్పటికీ తీగను ఎంత ఒడుపుగా తిప్పుతాయో చూస్తుంటే ఆమెకు ముచ్చటేసింది. ఆయన మాత్రం పని చేస్తున్నంతసేపూ ఆమె కళ్ళలోకి చూడలేదు.

రెండింటికి ఇద్దరూ పొలానికి అడ్డంపడి సత్పాల్ బోరింగు గది దగ్గరికి వెళ్ళారు. సత్పాల్ యాభై ఏళ్ళ పొడుగాటి మనిషి. నులక మంచం మీద బఠాణీ కాయలు పోసుకుని, మంచివీ పుచ్చువీ వేరు చేస్తున్నాడు. వీళ్ళను చూసి లేవలేదు, అలాగని పొమ్మనీ అనలేదు. కాలితో ఇంకో మంచాన్ని ముందుకు తోశాడు.

వసంతకుమారికి ఢిల్లీ హిందీ ఇంట్లో తెలుగంత బాగా వచ్చు. కూర్చోకుండానే చెప్పేసింది.

"భయ్యా, మంగళవారం నా మేకలే కంచె దాటాయి. మేం నిలబెట్టిన కమ్మీ ఎక్కి దాటాయి. వాటి కాళ్ళకు ఆ రంగుంది, కావాలంటే చూపిస్తాను. మీ పేరు చెప్పడం తప్పు. క్షమించండి."

సత్పాల్ చేతిలోని కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

"కూర్చోండి దీదీ" అన్నాడు. "చాయ్ తాగుతారా?"

"ముందు ఇంకోటి అడగాలి. ఇప్పుడు ఆ మూలను బయటి నుంచి కట్టాలి. మీ గట్టు మీద ఒక రాయి పాతుకోవాలి. జానా బెత్తెడు చోటు."

ఈ సారి సత్పాల్‌కు నవ్వొచ్చింది. "నా పంట తిన్నారు, నా పేరు చెడగొట్టారు, ఇప్పుడు నా గట్టు కావాలా." కానీ ఆ నవ్వులో విషం లేదు. "అచ్ఛా. పాతుకోండి. మేకలు రాకపోతే నాకే మేలు." మళ్ళీ రెండు కాయలు ఒలిచాడు. "ఒక్క సంగతి మాత్రం నా బుర్రకెక్కట్లేదు దీదీ. పెద్ద మేకలు కమ్మీ ఎక్కాయి, ఠీక్ హై. ఆ రోజు నా పొలంలో మూడు పిల్లలు కూడా ఉన్నాయి. ఇంత ఇంత పిల్లలు. వాటికి మీరు విడిగా ఇటుక గోడ కొట్టం కట్టారు, నేను చూశాను. అవి కమ్మీ ఎలా ఎక్కాయి?"

వసంతకుమారి ఆ రోజు పాలు ఇవ్వడానికి వైశాలి వెళ్ళి ఉంది. ఆమె వచ్చేసరికి మేకలన్నీ లోపలికి చేరిపోయి ఉన్నాయి. పిల్లలు కూడా పోయాయన్న మాట ఇప్పుడే వింటోంది. పిల్లల కొట్టం తలుపుకు బయట గడియ. ఆ రోజు షెడ్డులో ఉన్నది ఒక్క మనిషే.

ఆమె పక్కకు తిరిగి చూసింది. చెన్నకేశవులు గారు నిలబడే ఉన్నారు. టోపీ చేతిలో ఉంది.

"నేనే వదిలినా సిస్టరమ్మా" అన్నారు తెలుగులో, మెల్లగా. "తీగ కూడా నేనే తెంపినా."

ఆమె అడగకముందే మిగతాదీ చెప్పుకుపోయారు.

"పెయింటు తడి ఆరకముందే ఎక్కినాయి. నేను ఈ కొస నుంచి చూస్తాండా. ఒకటి ఎక్కె, దాని వెనక ఇంకొకటి. నేను కట్టిన దాని మీద, నేను చూస్తాండగా. ముప్పై నాలుగేండ్లలో నా పని మీద ఒక్క రిమార్కు రాలేదమ్మా. చేతిలో ప్లేయరు ఉండె. ఎవరో తెంపినారంటే కంచెను ఎవరూ అనరు కదా అనుకున్నా. ఆ సందులో నుంచి పిల్లల్ని తోలినా, నమ్ముతారని. నీకు కూడా మంచిదే అయితాది అని తర్వాత అనుకున్నా. చౌధరి ఆ షరతు పెట్టింది తర్వాత కదా, ముందు నేను నా కోసమే తెంపినా. అది నిజం."

వసంతకుమారికి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. ఒక అమాయకుణ్ణి పదిమందిలో దొంగను చేశాడు, తనను ఆ అబద్ధం పక్కన నిలబెట్టాడు, పైగా పొద్దుట్నుంచి తనతో కలిసి పులిహోర తిని ఆ కంచెకే మళ్ళీ కట్లు కట్టాడు. బాబురావు ఉంటే ఏమనేవాడో. బాబురావు అసలు నమ్మేవాడే కాదు. అంత కోపంలోనూ, ఆ బోడి తలా, చేతిలో నలిగిపోతున్న ఉన్ని టోపీ చూస్తుంటే జాలి కూడా వేసింది. ఆ జాలి మీద ఇంకా కోపం వచ్చింది.

"హిందీలో చెప్పండి" అంది ఆమె. "ఆయనకు."

ఆయన చెప్పారు. ఆఫీసు హిందీలో, తడబడుతూ, దాచకుండా చెప్పారు. సత్పాల్ కాయలు ఒలవడం ఆపేశాడు.

"బాబూజీ, మీరు నా పేరు చెప్పినప్పుడు అక్కడ నా వియ్యంకుడు కూడా ఉన్నాడు" అన్నాడు. "నాకు మీ మీద కేసు వద్దు, డబ్బు వద్దు. చౌధరి వచ్చినప్పుడు ఆ పదిమందినే పిలుస్తాను. ఇక్కడ అన్న మాట అక్కడ అనండి. అనేస్తే నా ఫిర్యాదు నేను వెనక్కి తీసుకుంటాను. మేకలు దాటాయని నేను అనను. ఫిర్యాదే లేకపోతే చౌధరి ఖాళీ చేయమనడు, దీదీ ఉండొచ్చు. అంతే."

అంతే అన్నాడు గానీ, చెన్నకేశవులు గారికి అది ఎంత పెద్దదో వసంతకుమారికి తెలుసు. తిరిగి నడుస్తుంటే ఆయన గట్టు మీద రెండుసార్లు ఆగారు.

"అంటారా అన్నయ్యగారూ?" అని అడిగింది. గొంతులో కోపం ఇంకా పోలేదు.

"అంటా" అన్నారు. "నీ మేకలు పోనియ్యను."

నాలుగింటికి ముందే షెడ్డు ముందు మనుషులు చేరారు. పదిమందీ కాదు, పదిహేను మంది దాకా వచ్చారు, ఊళ్ళో ఆదివారం ఇంతకంటే పనేముంది. సత్పాల్ వాళ్ళ మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చౌధరి తెల్ల కారు దిగాడు. నలభై ఏళ్ళ వాడు, ఇస్త్రీ కుర్తా, ఎవరితోనైనా మర్యాదగా మాట్లాడతాడు. లోపలి వైపుకు మార్చిన జాలీని చేత్తో నొక్కి చూసి మెచ్చుకున్నాడు కూడా. తర్వాత కుర్చీలో కూర్చుని, "బోలియే" అన్నాడు.

చెన్నకేశవులు గారు ముందుకు వచ్చారు. నోరు తెరిచారు. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టారు. రాలేదు. పదిహేను మంది ముఖాలు ఆయన్నే చూస్తున్నాయి. ఎక్కడో మేక ఒకటి అరిచింది.

వసంతకుమారి మంచినీళ్ళు అందించబోయింది. ఆయన వద్దని చెయ్యి ఊపి, జేబులోంచి నోటుబుక్కు తీశారు. స్టూలు మీద కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. నోటితో చెప్పలేని మనిషికి ఆ దారి ఒకటే తెలుసు. పైన తేదీ వేశారు, విషయం అని గీత గీశారు, కింద ఒకటి రెండు మూడు అని అంకెలేసి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ మూల, ఎన్ని వరసల తీగ, దేనితో తెంపారో అంతా గుండ్రటి అక్షరాలతో ఇంగ్లీషులో రాశారు. సత్పాల్‌కు ఏ సంబంధమూ లేదని విడిగా రాశారు. సంతకం చేసి, పేరు కింద రిటైర్డ్ అని కూడా పెట్టి, ఆ కాగితాన్ని నోటుబుక్కులోంచి చింపారు.

రాయడం అయ్యాక గొంతు వచ్చింది. లేచి నిలబడి అందరి ముందూ ఆ కాగితాన్ని చూస్తూ హిందీలో చదివేశారు. ఆగలేదు, ఒక్క ముక్కా మింగలేదు. చివర సత్పాల్ వైపు తిరిగి చేతులు జోడించారు.

సత్పాల్ ఆ చేతుల్ని పట్టుకుని దించేశాడు. "బస్, బాబూజీ" అన్నాడు. జనంలో ఒక ముసలాయన బాగుందన్నట్టు తలూపాడు. వసంతకుమారికి కళ్ళు తడిసాయి. కోపం అంతా పోలేదు గానీ, ఎలాగో ఒక మూలకు సర్దుకుంది.

"మేకల మీద నా ఫిర్యాదు లేదు చౌధరీ సాబ్" అన్నాడు సత్పాల్ గట్టిగా, అందరికీ వినపడేలా.

"అచ్ఛా హువా" అన్నాడు చౌధరి. చెయ్యి చాపాడు. చెన్నకేశవులు గారు అలవాటు కొద్దీ, పై అధికారికి ఫైలు అందించినట్టు, రెండు చేతులతో ఆ కాగితం ఇచ్చారు.

"కాగితం నేనడగలేదు" అన్నాడు సత్పాల్, కొంచెం ఆశ్చర్యంగా. "మాట అడిగాను."

చౌధరి దాన్ని ఒకసారి చదివాడు. రెండోసారి నెమ్మదిగా చదివాడు. మడతపెట్టి, కుర్తా జేబులో పెట్టుకున్నాడు.

"దీదీ, ఈ స్తంభాలు, ముళ్ళ తీగ నావే కదా?" అన్నాడు మర్యాదగా.

"మీవే భయ్యా. జాలీ ఒక్కటే మాది."

"మన అగ్రిమెంటులో మూడో పేజీ గుర్తుందా? ఉన్న కంచెకు మీరు ఏమైనా కలుపుకోవచ్చు. నేను అడ్డు చెప్పలేదు. మీరు గానీ, మీ మనిషి గానీ దాన్ని తెంపితే మాత్రం ఆ వారంలోనే ఖాళీ చేయాలని రాసుకున్నాం." జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "నోటి మాటైతే నేనూ విని ఊరుకునేవాణ్ణేమో. మీ మనిషే రెండు వరసలు తెంపానని తేదీ వేసి సంతకం చేసిచ్చారు. శనివారానికి షెడ్డు ఖాళీ చేసి ఇవ్వండి."

సత్పాల్ ఏదో అనబోయాడు. చౌధరి అప్పటికే కారు వైపు నడుస్తున్నాడు. చెన్నకేశవులు గారు అక్కడే నిలబడి ఉన్నారు. చేతిలో పెన్నుకు ఇంకా మూత పెట్టలేదు.